అరిచినవాళ్ళూ మింగినవాళ్ళూ

"మళ్ళీ చచ్చింది," అంది చెల్లి.

ఆమె ముందున్న కంప్యూటర్ మీద ఎర్రక్షరాలు జలజలా దిగి ఆగిపోయాయి. తలుపు పైనున్న గంట బర్రుమని మోగడం మొదలెట్టింది. పంపులు చూసే ఆపరేటర్ బాబాయ్ కుర్చీలోంచి లేవకుండానే చెయ్యి చాపి, గంట ఆపే బొత్తం నొక్కాడు.

"దీని గొంతు నొక్కీ నొక్కీ నా వేలు అరిగిపోయిందమ్మాయ్. ఇంకెన్నిసార్లు చంపుతావు దాన్ని?"

"నేను చంపట్లేదు బాబాయ్. అదే చస్తోంది."

"దొరికిపోయిన ప్రతివాడూ ఆ మాటే అంటాడు."

చెల్లి నవ్వలేదు. మామూలు రోజైతే ఒక మాటకి పది మాటలు అప్పజెప్పేది. నీటి సరఫరా ఆఫీసులో అందరూ ఆమెని వసపిట్ట అనేది అందుకే. ఇవాళ మాత్రం మెళ్ళో వేలాడే ఐడి కార్డుని వేళ్ళతో అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది. సాయంత్రానికి ఆ కార్డు తన మెళ్ళో ఉంటుందో ఉండదో ఆమెకి తెలియదు.

ఊళ్ళో సగం కుళాయిలకి నీళ్ళు వెళ్ళేది గుట్ట మీదున్న పెద్ద ట్యాంకులోంచి. ట్యాంకులో నీళ్ళెంతున్నాయో చూసుకుని, పంపులు ఎప్పుడు వేయాలో ఎప్పుడు ఆపాలో తేల్చేది చెల్లి రాసిన ప్రోగ్రాం. పెట్టిన దగ్గర్నుంచి కిక్కురుమనకుండా పనిచేసింది. ఇవాళ పొద్దున్నే కూలబడింది. మళ్ళీ మొదలెడితే కాసేపు బతికి, మళ్ళీ కూలబడుతోంది. చీఫ్ ఫోన్ చేసి ఎక్కువ మాట్లాడలేదు. మీటింగ్ అవగానే వస్తున్నాను, నేనొచ్చేసరికి ఆ ప్రోగ్రాం తీసేసి ఉండాలి, రాసినమ్మాయి కార్డు నా బల్ల మీద ఉండాలి అన్నాడు.

ఆ ఆఫీసులో చీఫ్ పెట్టిన రూలు ఒకటుంది. ఎర్రక్షరాలు ఎవరి తెర మీద కనపడితే తప్పు వాళ్ళది. విచారణ లేదు, వాయిదా లేదు.

"అక్కా, నువ్వు చూడవే," అంది చెల్లి. "చూసీ చూసీ నాకు అక్షరాలు అలుక్కుపోతున్నాయి."

అక్క కుర్చీ లాక్కుని పక్కన చేరింది. ఆమె ఉద్యోగమే అది. ఎవరెవరో రాసిన ప్రోగ్రాంలు ఎక్కడ చెడ్డాయో పట్టుకోవడం. ఇక్కడికి రాకముందు తిరగని ఆఫీసు లేదు, విప్పని కంప్యూటర్ భాష లేదు. ఏ భాష ఏడుపు ఆ భాషదే, ఏడుపు తీరు తెలిస్తేనే నొప్పి ఎక్కడో తెలుస్తుంది అనేది ఆమె.

జావాకి తప్పు జరిగితే తాతముత్తాతల దగ్గర్నుంచి ఎత్తుకుంటుంది. ఎవరు ఎవర్ని పిలిచారో పేజీలకి పేజీలు చదివించి, అసలు కారణం ఎక్కడో అడుగున పెడుతుంది. సి భాష గుమ్మంలోకొచ్చి కుప్పకూలే మనిషి. 'సెగ్మెంటేషన్ ఫాల్ట్' అని ఒక్క ముక్క, ఆ తర్వాత శవపరీక్ష చేసుకోవాల్సింది మనం. రస్ట్ గట్టి అత్తగారు. చెప్పు తెగేలా ఉంది, గొడుగు మర్చిపోయావు అంటూ గడప దాటనివ్వదు. విసుగొస్తుంది గానీ, ఏం చేస్తే దాటనిస్తుందో కూడా తనే చెబుతుంది. దాటాక దారిలో జారిపడేది తక్కువ.

చెల్లి రాసింది పైథాన్‌లో. పైథాన్ అచ్చం చెల్లి లాంటిదే. ఏ గదిలోంచి బయల్దేరిందో, ఏ గదిలోకి వెళ్ళిందో, ఎక్కడ కాలు జారిందో పూసగుచ్చినట్టు చెప్పి, అసలు సంగతి చిట్టచివరి మాటలో అంటుంది. అందుకే అక్క ఎర్రక్షరాల్ని కిందనుంచి పైకి చదివింది.

చివరి మాట, 'జీరో డివిజన్ ఎర్రర్'. సున్నాతో భాగించబోయింది.

"చీఫ్ గారు ఫోన్లో అదే అన్నారు," అంది చెల్లి. "సున్నాతో భాగించకూడదని బళ్ళో పిల్లలకి కూడా తెలుసుగా అన్నారు. అంత మాటంటే నేనేం చెప్పను?"

"ఏం భాగిస్తున్నావిక్కడ?"

"ట్యాంకులో ఉన్న నీళ్ళని, అవి తగ్గే వేగంతో. అప్పుడు ఇంకెంతసేపు వస్తాయో తెలుస్తుంది."

"వేగం సున్నా అయింది."

"ఎలా అవుతుందక్కా? ఊరంతా స్నానాలు చేసే వేళ. ఒక్కడంటే ఒక్కడు కుళాయి తిప్పలేదా?"

అక్క డీబగ్గర్ తెరిచింది. పరిగెత్తే ప్రోగ్రాంని అడుగు మధ్యలో ఆపి, జేబులు తడిమి చూసే పనిముట్టు అది. ప్రోగ్రాంని మళ్ళీ బతికించి, సరిగ్గా భాగించబోయే ముందు చెయ్యి పట్టుకుని ఆపింది. నీ జేబులో ఏముందో చూపించు అంది.

చూపించింది. ట్యాంకు నుంచి వచ్చిన అంకెలు వరసగా. అరవై రెండు పాయింట్ నాలుగు. అరవై రెండు పాయింట్ నాలుగు. కిందికి లాగినకొద్దీ అరవై రెండు పాయింట్ నాలుగే.

అక్క తలెత్తి గోడ వైపు చూసింది. గోడ మీది పెద్ద తెరలో ట్యాంకు బొమ్మ పచ్చగా, నిండుగా మెరుస్తోంది. కింద 'అరవై రెండు శాతం' అని అంకెల్లో.

"బాబాయ్, గుట్ట మీద గాలి వేస్తే ట్యాంకులో నీళ్ళు కదులుతాయా?"

"పిట్ట వాలినా కదులుతాయమ్మా."

"మరి ఈ అంకె చివర దశాంశం కూడా కదలట్లేదేం?"

బాబాయ్ తెర వైపు చూశాడు. పచ్చగా ఉంది కదా అన్నట్టు భుజాలు ఎగరేశాడు.

అప్పుడే అక్క భర్త టీ ఫ్లాస్కుతో లోపలికొచ్చాడు. గోడ మీది తెరని నడిపే ప్రోగ్రాం ఆయనదే. ముగ్గురూ ఒకే ఆఫీసు కావడంతో, ఇంట్లో తగాదాలు ఇక్కడా ఇక్కడి తగాదాలు ఇంట్లోనూ తీర్చుకుంటారని బాబాయ్ ఏడిపిస్తుంటాడు. నిజానికి ఆయనతో తగాదా పడ్డవాళ్ళు లేరు. కాలివేలు విరిగినా 'ఏం లేదు' అంటూ నడిచిన మనిషి. ఆఫీసులో ఆయన పేరే ఏంలేదు గారు.

"ఏవండీ, ట్యాంకు దగ్గర్నుంచి వచ్చే అంకె ముందు మీ ప్రోగ్రాంకే కదా వస్తుంది?"

"ఊఁ."

"మీరు బొమ్మ గీసి, అదే అంకెని దీని ప్రోగ్రాంకి అందిస్తారు."

"అంతే."

"మీ దగ్గర ఏదైనా తేడా కనపడిందా?"

"ఏం లేదు," అన్నాడాయన, గ్లాసుల్లో టీ పోస్తూ.

"బావా, నీ పచ్చ తెరా నువ్వూ చల్లగా ఉండండి," అంది చెల్లి. "నా తెరే కదా ఎర్రబడింది. నేనే కదా పోయేది."

"ఆయన్నేం అంటావులే," అన్నాడు బాబాయ్. "ఎర్రక్షరాలంటే చీఫ్ గారికి ముందునుంచీ పడదు. పైనుంచి పెద్దాఫీసర్లు చూడ్డానికొచ్చిన రోజు ఈ గోడ తెర ఎర్రబడింది చూడు, అప్పట్నుంచీ మరీను. ఆ రోజు ఆయన మొహం చూశావా అమ్మాయ్? నువ్వప్పటికింకా చేరలేదనుకుంటా."

భర్త టీలో చెంచా తిప్పుతూ ఉన్నాడు. చక్కెర ఎప్పుడో కరిగిపోయింది.

అక్క లేచింది. అంకె గడ్డకట్టింది. చెల్లి ప్రోగ్రాం గడ్డకట్టిన అంకెని చూసి గుండాగి పడింది. గడ్డకట్టించింది చెల్లి కాదు. ఇక మిగిలింది గుట్ట మీది పెట్టె. ట్యాంకు పక్కనే గోడకి బిగించి ఉంటుంది. ట్యాంకులోని సెన్సార్ కొలిచిన నీటిమట్టాన్ని కిందికి పంపేది అదే. దాని ప్రోగ్రాం సి భాషలో, ఎప్పుడో రిటైరైన పెద్దాయన రాసింది. సి అంటే తెలిసిందేగా. గుమ్మంలో కుప్పకూలి ఉంటుంది, శవపరీక్ష సామాను పట్టుకెళ్ళడమే.

"స్కూటర్ తాళాలివ్వండి," అంది భర్తతో.

"నేను తీసుకెళ్తా. ఆ మలుపుల్లో నువ్వు బ్రేకు వెయ్యవు."

చెల్లి గుమ్మం దాకా వచ్చింది. "అక్కా, ఆయనొచ్చేలోపు వచ్చెయ్. ఒక్కదాన్నీ ఆయన ముందు నిలబడలేను."

"నోరు మూసుకుని కూర్చో."

"అది నాకు చేతకాదుగా."

స్కూటర్ గుట్ట దారి పట్టింది. వెనక కూర్చుని అక్క ఒళ్ళో ల్యాప్‌టాప్ సంచీ సర్దుకుంది. గాలికి మాటలు సగం ఎగిరిపోతున్నాయి.

"మీ ప్రోగ్రాం ఒకసారి తెరిచి చూశారా పొద్దున?"

"చూసేదేముంది? తెర పచ్చగా ఉందిగా."

"పచ్చగా ఉంటే చూడక్కర్లేదా?"

"ఏం లేదన్నానుగా."

ఆయన రాసేది జావాస్క్రిప్ట్‌లో. మొహమాటస్తుడికి మొహమాటం భాషే దొరికిందని అక్క నవ్వేది. అంకెలో అక్షరం కలపమన్నా కాదనదు. లేనిదాన్ని ఇమ్మన్నా లేదని మొహం మీద చెప్పదు, 'అన్‌డిఫైన్డ్' అని ఏదో చేతిలో పెట్టి సాగనంపుతుంది. ఇవాళ ఆ నవ్వు రాలేదు. ఆయన వీపు చొక్కా కింద బిర్రుగా ఉంది. ఏదో మోస్తున్నాడు ఈయన అనుకుంది. అడిగితే వచ్చే జవాబు తెలుసు గనక అడగలేదు.

ట్యాంకు కంచె తాళం తీసి లోపలికెళ్ళారు. సిమెంటు గోడకి బూడిదరంగు పెట్టె. మూత తీసి అక్క లోపలికి తొంగి చూసింది.

పెట్టె చావలేదు.

లోపల చిన్న తెర వెలుగుతోంది. దాని మీద ఒకే మాట, రెండు ముక్కల ఇంగ్లీషులో. సెన్సార్ నుంచి జవాబు లేదు అని. ఆరి, మళ్ళీ వెలిగి, మళ్ళీ అదే మాట. అక్క ల్యాప్‌టాప్ తగిలించి చూసింది. పెట్టె ఊరికే తనలో తను గొణుక్కోవడం లేదు. కిందికి కూడా పంపుతోంది. అంకె పంపాల్సిన ప్రతిసారీ అంకె లేదు, సెన్సార్ పలకడం లేదు అని పంపుతోంది.

సి భాషలో నోరు మూసుకుని చావడం తేలిక. నోరు తెరిపించాలంటే రాసేవాడు పట్టుబట్టి, ప్రతి అడుగులోనూ ఏం జరిగిందని అడిగించాలి. రిటైరైన పెద్దాయన ఓపిగ్గా అడిగించాడు. అక్క మనసులోనే ఆయనకి దండం పెట్టుకుంది. పెట్టెలోంచి ట్యాంకులోకి వెళ్ళే తీగ చివర చూస్తే కారణం తెలిసింది. తొడుగు వదులై, లోపల తడి చేరింది.

"వానకి ఊడినట్టుంది," అన్నాడు భర్త. "బిగించెయ్యనా?"

"వద్దు. ఒక్క నిమిషం."

సెన్సార్ పలకడం లేదు. అంటే పొద్దున్నించీ ట్యాంకులో నీళ్ళెంతున్నాయో ఎవరికీ తెలియదు. మరి ఆ అరవై రెండు ఎక్కడిది?

ఇనప నిచ్చెన ఎక్కింది. పైకప్పు మూత బరువుగా ఉంది. రెండు చేతులా ఎత్తి పక్కకి నెట్టి, లోపలికి టార్చి వేసింది.

నీళ్ళు కనపడలేదు. ఇంకా కిందికి వేసింది. ఎక్కడో అట్టడుగున వెలుగు తగిలి మెరిసింది. గోడ పొడుగునా పాత నీటిచారలు, అడుగున మేట వేసిన ఒండ్రు. ఊళ్ళోకి వెళ్ళే పైపు నోరు సగం బయటపడి గుటక మింగినట్టు చప్పుడు చేస్తోంది. ఇంకాసేపైతే ఆ నోట్లోకి గాలే పోతుంది. ఆసుపత్రి కుళాయిలోంచీ, హాస్టల్ కుళాయిలోంచీ, వాళ్ళింటి కుళాయిలోంచీ బుస్సుమని గాలే వస్తుంది.

అక్క ఒక చేత్తో నిచ్చెన పట్టుకుని, ఇంకో చేత్తో ఫోన్లో లోపలంతా వీడియో తీసింది. వెంటనే కంట్రోల్ రూంకి ఫోన్ కొట్టింది.

"బాబాయ్, పంపులు వేసెయ్యండి. చేత్తో వెయ్యండి. ఇప్పుడే."

"తెర మీద అరవై రెండుందమ్మా."

"తెర అబద్ధం చెబుతోంది. నేను ట్యాంకు నెత్తిన నుంచుని ఉన్నాను. అడుగు కనపడుతోంది."

"అమ్మా, సగం పైన ఉన్నట్టు తెర చూపిస్తుంటే చీఫ్ గారు చెప్పకుండా నేను వెయ్యకూడదు. నిండి పొంగిందంటే కింద ఇళ్ళ మీద పడుతుంది. నా పెన్షన్ ముంగిట్లో ఉంది."

"పొంగదు బాబాయ్. ఎండిపోయింది."

"నేను నమ్ముతానమ్మా. నా చెయ్యే నమ్మట్లేదు."

అప్పుడు ఫోన్లో కుర్చీ జరిగిన చప్పుడు, చెల్లి గొంతు. "జరుగు బాబాయ్. అక్క చూశానంది, చాలు. ఎలాగూ పోయే ఉద్యోగం, ఇంకో తప్పు కలిపి రాసుకుంటారు." ఆ వెంటనే, పాత మీట కిందికి దిగిన చప్పుడు. ఠప్.

అక్క నిచ్చెన మీదే ఉండిపోయింది. పంపుల గది గుట్టకింద ఎక్కడో ఉంది. నీళ్ళు ఎక్కి రావాలి. ముందు పైపులో ఒక వణుకు. తర్వాత దగ్గు లాంటి చప్పుడు. ఆ తర్వాత దబాలున, చీకట్లోకి తెల్లగా, లావుగా నీళ్ళు దూకాయి. తుంపర పైకి లేచి ఆమె మొహం మీద పడింది. ఆమె తుడుచుకోలేదు. నిచ్చెన మెట్టుకి నుదురు ఆనించింది.

"వస్తున్నాయా?" ఫోన్లో చెల్లి.

"వస్తున్నాయే. వరదలా వస్తున్నాయి."

"హమ్మయ్య. అక్కా, నాకొకటి తోస్తోంది. నా ప్రోగ్రాం చావకుండా ఉండుంటే?"

"అరవై రెండుంది కదా అని నమ్మి, పంపులు వెయ్యకుండా హాయిగా కూర్చునేది. గంట మోగేది కాదు. మేమెవ్వరం గుట్టెక్కేవాళ్ళం కాదు. ట్యాంకు గుట్టుచప్పుడు కాకుండా ఎండిపోయేది."

"అంటే అది చచ్చి..."

"ఊరిని బతికించింది. నువ్వేం తప్పు చెయ్యలేదు. అరిచావు, అంతే."

చెల్లి ఏడ్చిందో నవ్విందో, ఫోన్లో తెలియలేదు.

అక్క దిగొచ్చింది. భర్త పెట్టె ముందే నుంచుని, వెలిగి ఆరే ఆ రెండు ముక్కల మాట వైపు చూస్తున్నాడు. ఆయన మొహంలో రక్తం లేదు. అక్క ఆ మొహాన్నీ పెట్టెనీ మార్చి మార్చి చూసింది. పైన పెట్టె నిజం చెప్పింది. కింద చెల్లి ప్రోగ్రాం గొంతు చించుకుంది. ఇద్దరి మధ్యా ఉన్నది ఒకే ఒక్కటి. చెప్పిన మాట అక్కడే మాయమైంది.

"తీగ బిగించనా?" అన్నాడాయన మళ్ళీ, మెల్లగా.

"ఉండనివ్వండి. పంపులు నడుస్తున్నాయి, మునిగేదేం లేదు. చీఫ్ గారు దీన్ని ఇలాగే చూడాలి."

"ఊఁ."

"ఏమైనా చెప్పాలనుందా నాకు?"

ఆయన నోరు తెరిచాడు. మూశాడు. "ఏం లేదు," అన్నాడు. అలవాటైన మాట, కానీ ఈసారి దాన్ని మోయలేనట్టు అన్నాడు.

స్కూటర్ గుట్ట దిగడం మొదలెట్టింది. చెల్లిని బయట పడెయ్యాలంటే మొగుణ్ణి లోపల పడెయ్యాలి. మలుపు మలుపుకీ అక్క ఇదే తిప్పి తిప్పి చూసుకుంది. ఎటు తిప్పినా అదే లెక్క.

కంట్రోల్ రూంలో చీఫ్ అప్పటికే వచ్చేశాడు. చెల్లి గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ఆమె మెళ్ళో కార్డు లేదు, బల్ల మీద ఉంది. గోడ తెర యథాప్రకారం పచ్చగా, అరవై రెండు దగ్గరే నవ్వుతోంది.

"ఇంత నీరుండగా పంపులు వేసింది," అన్నాడు చీఫ్ అక్కని చూస్తూనే. "ఎవర్నడిగి? ట్యాంకు పొంగితే నువ్వు మోస్తావా, మీ చెల్లెలు మోస్తుందా?"

అక్క ఫోన్ తీసి ఆయన ముందు పెట్టి వీడియో నడిపింది. టార్చి వెలుగు గోడల మీంచి దిగుతూ దిగుతూ వెళ్ళి, అడుగున ఒండ్రు మీద ఆగింది. పైపు నోరు గుటక మింగింది.

చీఫ్ వీడియోని చూశాడు. తెరని చూశాడు. మళ్ళీ వీడియోని చూశాడు. కుర్చీ వెతుక్కుని కూలబడ్డాడు.

"ఇది మన ట్యాంకేనా?"

"మన ట్యాంకే సార్. ఇందాకటి సంగతి. ఇప్పుడు నీళ్ళెక్కుతున్నాయి, భయం లేదు. వేసింది మా చెల్లి."

"ఆసుపత్రి లైను?"

"ఆగలేదు సార్," అన్నాడు బాబాయ్. "ఇందాకే ఫోన్ చేసి కనుక్కున్నాను. నీళ్ళు సన్నగా వస్తున్నాయేంటని అడిగారు, పెరుగుతాయని చెప్పాను."

చీఫ్ జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. తర్వాత బల్ల మీది కార్డు తీసి చెల్లి వైపు చాపాడు.

"వేసుకోమ్మా," అన్నాడు. "పొద్దున ఏదో అన్నాను."

"సున్నాతో భాగించకూడదన్నారు సార్," అంది చెల్లి, కార్డు మెళ్ళో వేసుకుంటూ. "బళ్ళో పిల్లల సంగతి కూడా అన్నారు."

"అన్నాన్లే."

"సరేలెండి. గుర్తుంటే చాలు."

బాబాయ్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. గదిలో గాలి ఒక్కసారి తేలికైంది. వసపిట్టకి నోరొచ్చింది, ఇంక పర్వాలేదు. అక్కకి కళ్ళు చెమర్చాయి. అక్కడితో ఆగిపోతే ఎంత బావుండునో.

"మరైతే," అన్నాడు చీఫ్, తెర వైపు వేలు చూపించి, "ఇదెవరి అబద్ధం?"

అక్క భర్త కంప్యూటర్ ముందు కూర్చుంది. ఆయన పక్కకి జరిగి చోటిచ్చాడు. తెర ప్రోగ్రాంని డీబగ్గర్‌లో తెరిచి, పెట్టె మాట లోపలికొచ్చే గుమ్మంలో కాపలా పెట్టింది. ఎంతోసేపు పట్టలేదు. పెట్టె పలకరించగానే ప్రోగ్రాం ఆగింది.

"చూడండి సార్. గుట్ట మీంచి కబురొచ్చింది, సెన్సార్ పలకడం లేదని. ఇక్కడ దాకా క్షేమంగా వచ్చింది. అంకె లేదు కాబట్టి ఇక్కడొక ఎర్రర్ పుట్టింది. పుట్టాల్సిందే, పుడితేనే మనకి ఎర్రక్షరాలు కనపడేవి." ఒక్కడుగు ముందుకి నడిపింది. "ఇదిగో, ఇక్కడ దాన్ని పట్టుకున్నారు. పట్టుకుని ఏం చెయ్యాలో రాయాలి. ఖాళీగా వదిలేశారు. నోరు మూసి లోపలే పాతిపెట్టారు. దాని బదులు, చివరిసారి వచ్చిన మంచి అంకెని మళ్ళీ అందించారు. తెరకీ అదే, మా చెల్లికీ అదే. సెన్సార్ చచ్చిన దగ్గర్నుంచీ అదే అరవై రెండు."

"అంటే పైవాడు చెప్పాడు," అన్నాడు బాబాయ్. "కిందది అరిచింది. మధ్యలోవాడు మింగాడు."

"మనం అరిచినదాన్ని పట్టుకున్నాం బాబాయ్. నా ఇన్నేళ్ళ పనిలో ప్రతి భాషలోనూ ఇదే చూశాను. ఎర్రక్షరాలు కనపడిన చోట దెబ్బ తగిలినవాళ్ళుంటారు. కొట్టినవాళ్ళు ఎక్కడో వెనకుంటారు."

"అదంతా సరే." చీఫ్ లేచి కంప్యూటర్ మీదికి వంగాడు. "ఈ ఖాళీ జాగా ఎవరు రాశారు? అది చెప్పు."

ఆ వాక్యం ఎవరు రాశారో అడిగితే చెప్పే పనిముట్టు కూడా ఉంది. ఒక మీట నొక్కితే చాలు. అక్క వేలు ఆ మీట మీదే ఉంది, కానీ నొక్కాల్సిన అవసరం లేదు. వెనక్కి తిరగకుండానే ఆమెకి తెలుస్తోంది, ఆయన తన కుర్చీ వెనకే నిలబడి ఉన్నాడని. చెల్లి కూడా అటే చూస్తోంది. ఆ పిల్లకి అప్పుడే అర్థమైంది. మెళ్ళోకొచ్చిన కార్డుని గట్టిగా పట్టుకుంది.

మంచి ఎర్రర్ మెసేజ్ అంటే ఏమిటని చెల్లి కొత్తలో అడిగింది. ఏం జరిగిందో చెప్పాలి, ఎక్కడ జరిగిందో చెప్పాలి, ఎవరి మొహం చూసీ దాచకూడదు అని నేర్పింది తనే.

"రాసింది మా ఆయనండి," అంది అక్క.

బాబాయ్ చేతిలో గ్లాసు చప్పుడు కాకుండా బల్ల మీదికి దిగింది.

చీఫ్ నెమ్మదిగా తిరిగి చూశాడు. "నువ్వా? ఇన్నేళ్ళబట్టి చూస్తున్నాను, నీ పనిలో చిన్న మచ్చ లేదు. ఇలాంటి పని నీకెలా తోచిందయ్యా? వచ్చిన కబురుని పాతిపెట్టమని నీకెవరు చెప్పారు?"

భర్త నోరు తెరిచాడు. ఆ రెండు మాటలు ఆయన పెదాల దాకా వచ్చేశాయి. గదిలో అందరికీ కనపడ్డాయి.

"బావా," అంది చెల్లి మెల్లగా, "మింగకు."

ఆయన ఒకసారి భార్య వైపు చూశాడు. ఆమె కళ్ళు దించలేదు, తల ఊపింది.

"పెద్దాఫీసర్లు చూసి వెళ్ళిన రోజు సార్," అన్నాడాయన. మాట్లాడటం కొత్తగా నేర్చుకునేవాడిలా ఆగి ఆగి అన్నాడు. "ఇదే గదిలో, ఇదే తెర ముందు. ఇంకెప్పుడూ దీని మీద ఎర్రక్షరం కనపడకూడదన్నారు. సెన్సార్ చెడితేనో అని అడగబోయాను. అదంతా నాకు తెలీదు, ఎలాగైనా సరే, కనపడకూడదు అన్నారు. ఆ మధ్యాహ్నమే ఆ ఖాళీ జాగా పెట్టాను. తప్పని తెలిసే పెట్టాను. తర్వాత సరిచేద్దామనుకున్నాను, సరిచేస్తే ఎర్రబడేది నా తెరే అని ఆగిపోయాను."

"ఎవరన్నారయ్యా ఆ మాట?" అన్నాడు చీఫ్.

గోడ మీద అరవై రెండు పచ్చగా వెలుగుతూనే ఉంది. భర్త ఈసారి ఆగలేదు.

"మీరేనండి."